బీ (ఆంగ్ల క్రియ)

‘బీ’ ఆంగ్లంలో అన్నిటికన్నా ఎక్కువగా వాడే క్రియ. ఉండటం, అవడం దీని ప్రధానార్థాలు. ఒక వస్తువునూ దాని గుణాన్నీ కలిపే అనుసంధాన క్రియగా, కాలాన్నీ కర్మణి ప్రయోగాన్నీ తెలిపే సహాయక క్రియగా కూడా ఇది పనిచేస్తుంది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ కార్పస్ ఆధారంగా లెక్కగట్టిన పదాల జాబితాలో అన్ని రూపాలూ కలుపుకొంటే దీనిది రెండో స్థానం. మొదటిది ‘ద’. తెలుగు నాట బడిపిల్లలు దీన్ని ‘బీ ఫామ్స్’ పేరుతో మూడో నాలుగో తరగతిలోనే వల్లె వేస్తారు. భాషాచరిత్రకారుల దృష్టిలో మాత్రం ఇది ఒక క్రియ కాదు. వేరువేరు ధాతువుల నుంచి మిగిలిన ముక్కలు ఒకే పట్టికలోకి చేరి ఏర్పడిన కూటమి.

రూపాలు

ఆంగ్ల క్రియలకు సాధారణంగా నాలుగైదు రూపాలుంటాయి. ‘రైట్’ను తీసుకుంటే రైట్, రైట్స్, రోట్, రిటన్, రైటింగ్‌తో పట్టిక ముగుస్తుంది. ‘బీ’కి ఎనిమిది ఉన్నాయి: బీ, యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీయింగ్, బీన్. ఉత్తమ పురుష ఏకవచనానికి ప్రత్యేక రూపం ఉన్న ఆంగ్ల క్రియ ఇదొక్కటే. భూతకాలంలో ఏకవచన, బహువచన భేదాన్ని నిలుపుకొన్నదీ ఇదే. ఇప్పుడు ప్రార్థనల్లో, పాత నాటకాల్లో మాత్రమే కనిపించే ‘దౌ’ సర్వనామంతో వచ్చే ‘ఆర్ట్’, ‘వర్ట్’ రూపాలను కలిపితే సంఖ్య ఇంకా పెరుగుతుంది.

ఈ ఎనిమిదింటిలో ‘యామ్’కీ ‘వాజ్’కీ ‘బీ’కీ మధ్య పోలికే లేదు. వ్యాకరణవేత్తలు ఈ స్థితిని ధాత్వాదేశం అంటారు. ‘గో’కి భూతకాలం ‘వెంట్’ కావడం ఇలాంటిదే. అక్కడ కలిసినవి రెండు ధాతువులు, ఇక్కడ కనీసం మూడు. తరచుగా వాడే పదాలే ఇలా క్రమం తప్పి ఉండటం చాలా భాషల్లో కనిపిస్తుంది. అరుదుగా వాడే క్రియ రూపం గుర్తురాకపోతే జనం దాన్ని మామూలు సూత్రానికి లొంగదీస్తారు. రోజూ వందసార్లు నోట పలికే రూపాన్ని మరిచిపోయే వీలుండదు, అందుకే అది సూత్రానికి లొంగకుండా శతాబ్దాలు దాటివస్తుంది.

మూలాలు

1786 ఫిబ్రవరిలో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీలో సర్ విలియం జోన్స్ చేసిన ప్రసంగం సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలన్న ఊహను విద్వత్ లోకం ముందుంచింది. ఆ ఊహకు ఆంగ్లంలో దొరికే మంచి సాక్ష్యాల్లో ‘బీ’ ఒకటి. సంస్కృత పదాలతో పరిచయమున్న తెలుగు పాఠకులకు దాని మూడు ధాతువులూ కొత్తవి కావు.

మొదటిది సంస్కృతంలో ‘అస్’గా కనిపించే ధాతువు. అస్మి, అస్తి, సంతి దాని రూపాలు. గ్రీకులో ఎయిమి, ఎస్తి. లాటిన్‌లో సుమ్, ఎస్ట్. జర్మన్‌లో ఇస్ట్, జింట్ దీని నుంచే వచ్చాయి. ఆంగ్లంలో ‘యామ్’, ‘ఈజ్’ ఈ కుటుంబానివి. జర్మన్ ‘ఇస్ట్’లో నిలిచిన తకారం ఆంగ్లంలో రాలిపోయింది. ‘యామ్’ చివరి మకారం ‘అస్మి’లోని ‘మి’కి అవశేషం. ఉత్తమ పురుషను తెలిపే ఆ ప్రాచీన ప్రత్యయం ఆంగ్లంలో మరే క్రియలోనూ మిగల్లేదు. తెలుగులోకి వచ్చిన అస్తిత్వం, ఆస్తికుడు, నాస్తికుడు, స్వస్తి, సత్యం అన్నీ ఈ ధాతువు సంతానమే. ‘అస్తి’ అనే మతి కలవాడు ఆస్తికుడని, ‘నాస్తి’ అనే మతి కలవాడు నాస్తికుడని పాణిని ఒక సూత్రంతో సాధించాడు. సత్యానికి ఆంగ్లంలో ఉన్న దాయాది ‘సూత్’. ఆ పదం విడిగా వాడుక తప్పిపోయి, జోస్యం చెప్పేవాడు అనే అర్థంలో ‘సూత్‌సేయర్’లో బతికి ఉంది.

రెండోది ‘భూ’ ధాతువు. బీ, బీయింగ్, బీన్ దీనివి. మూల భాషలోని భకారం జర్మానిక్ భాషల్లో బకారమైంది. ధ్వనుల ఈ క్రమబద్ధమైన మార్పును యాకోబ్ గ్రిమ్ 1822లో వివరించాడు (‘గ్రిమ్ సూత్రం’ చూడండి). సంస్కృతంలో భవతి, భూతం, భవిష్యత్తు, భావం, ఉద్భవం, అనుభవం ఈ ధాతువు నుంచి వచ్చాయి. పెరగడం, అవడం దీని తొలి అర్థాలు. గ్రీకు వైపు నుంచి ‘ఫిజిక్స్’, లాటిన్ వైపు నుంచి ‘ఫ్యూచర్’ ఆంగ్లంలోకి చేరాయి. ‘నైబర్’ చివరి భాగమూ ఈ ధాతువుదే. దగ్గర కాపురముండేవాడని ఆ పదానికి అసలు అర్థం.

మూడోది ‘వస్’. వాజ్, వర్ దీని రూపాలు. సంస్కృతంలో ‘వసతి’ అంటే నివసిస్తాడని అర్థం. తెలుగులో వసతి, నివాసం, నివసించు ఇక్కడివే. ఒక చోట ఉండిపోవడం, రాత్రి గడపడం అనే అర్థం క్రమంగా కేవలం ‘ఉండటం’గా పలచబడి, చివరికి భూతకాలానికి పరిమితమైంది. ‘వాజ్’లో సకార సంబంధమైన ధ్వని ఉండి ‘వర్’లో రకారం ఎందుకొచ్చిందన్నది చాలాకాలం చిక్కుప్రశ్నగానే ఉండిపోయింది. ప్రాచీన భాషలో ఊనిక పడే స్థానం ఏకవచనంలో ఒకటిగా, బహువచనంలో మరొకటిగా ఉండటమే అందుకు కారణమని డెన్మార్క్ పండితుడు కార్ల్ వర్నర్ 1870లలో నిరూపించాడు. ఆ చిక్కు విప్పిన పద్ధతి నేటికీ చారిత్రక భాషాశాస్త్రంలో పాఠంగా చెప్పదగ్గది.

మిగిలింది ‘ఆర్’. దీని పుట్టుకపై ఏకాభిప్రాయం లేదు. ‘అస్’ ధాతువు నుంచే వచ్చిందని కొందరు, కదలడం అనే అర్థమున్న మరో ధాతువు నుంచి వచ్చిందని ఇంకొందరు అంటారు. రెండో వాదం ప్రకారమైతే మూలాల సంఖ్య నాలుగు.

1816లో ఫ్రాంజ్ బాప్ సంస్కృత క్రియా రూపాలను గ్రీకు, లాటిన్, పర్షియన్, జర్మానిక్ రూపాలతో పోల్చి రాసిన గ్రంథం తులనాత్మక వ్యాకరణానికి పునాది వేసింది. ‘ఉండు’ అనే అర్థమున్న క్రియే అసలు క్రియ అనీ, ఇతర క్రియల ప్రత్యయాల్లో కూడా అదే దాగి ఉందనీ బాప్ నమ్మాడు. ఆ నమ్మకంలో చాలా భాగాన్ని తర్వాతి పండితులు తోసిపుచ్చారు, పోల్చే పద్ధతిని మాత్రం నిలుపుకొన్నారు. అదే 1816లో మద్రాసులో ఎ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబానికి చెందుతుందని ఉదాహరణలతో చూపాడు. ఒక్క ఏడాదిలోనే అక్కడొక కుటుంబం ఉనికి, ఇక్కడొక కుటుంబం ఉనికి తేలాయి.

పాత ఆంగ్లం నుంచి నేటి వరకు

పాత ఆంగ్లంలో వర్తమానానికి రెండు వరసలుండేవి. ‘వెసన్’ వరసలో ఎయోమ్, ఎయర్ట్, ఇస్, బహువచనంలో సిండన్. ‘బేయోన్’ వరసలో బేయో, బిస్ట్, బిత్, బేయోథ్. ఇవి ఒకదానికొకటి నకళ్లు కావు. ప్రస్తుత స్థితిని చెప్పడానికి మొదటి వరస, భవిష్యత్తునూ ఎప్పటికీ నిజమయ్యే విషయాలనూ చెప్పడానికి రెండో వరస వాడేవారు. ‘ఇవాళ చలిగా ఉంది’ అనేది ‘ఇస్’ అయితే, ‘చలికాలం చల్లగా ఉంటుంది’ అనేది ‘బిత్’. తెలుగులో ‘ఉంది’, ‘ఉంటుంది’ పాటించే తేడా అచ్చం ఇలాంటిదే. ఆంగ్లం దాన్ని పోగొట్టుకుంది.

మధ్యయుగంలో ‘సిండన్’ పూర్తిగా కనుమరుగైంది. బహువచనానికి ఇంగ్లండ్ దక్షిణ ప్రాంతంలో ‘బీ’, ‘బెన్’ లాంటివీ, ఉత్తర ప్రాంతంలో ‘ఆర్’ రూపాలూ నడిచాయి. ఉత్తరాన స్థిరపడిన స్కాండినేవియన్ల భాషలో దీనికి దగ్గరగా ‘ఎరు’ ఉండటం ‘ఆర్’కి బలమైంది. 16వ శతాబ్దం నాటికి అది లండన్ రాతలోనూ నిలదొక్కుకుంది. అయినా విలియం టిండేల్ 1526లో అచ్చువేసిన బైబిల్ కొత్త నిబంధన అనువాదంలో బహువచనానికి ‘బీ’ కనిపిస్తుంది. పాలకవర్గాన్ని ఉద్దేశించి ఆంగ్ల పత్రికలు ఇప్పటికీ రాసే ‘ద పవర్స్ దట్ బీ’ అనే పదబంధం అక్కడి నుంచి వచ్చిందే.

18వ శతాబ్దంలో ‘యు’ ఒక్కరిని ఉద్దేశించినప్పుడు ‘యు వాజ్’ అనడం చదువుకున్నవారిలోనూ ఉండేది. రాబర్ట్ లౌత్ 1762 నాటి తన వ్యాకరణంలో దాన్ని ఘోరమైన తప్పుగా ఎంచాడు. ఆ తర్వాత ‘యు వర్’ ప్రమాణమైంది. నిజానికి ఏకవచనానికి ‘వాజ్’ వాడటంలో ఒక తర్కం లేకపోలేదు, పంతం నెగ్గింది మాత్రం వ్యాకరణ పుస్తకాలదే.

ప్రయోగాలు

అనుసంధానం: ‘షి ఈజ్ ఎ లాయర్’, ‘ద మిల్క్ ఈజ్ హాట్’ లాంటి వాక్యాల్లో క్రియకు సొంత అర్థం దాదాపు ఏమీ లేదు. కర్తనూ, దాని గురించి చెప్పేదాన్నీ కలపడం, కాలాన్ని మోయడం దాని పని.

ఉనికి: ‘దేర్ ఈజ్ ఎ వెల్ బిహైండ్ ద టెంపుల్’ అన్నప్పుడు ‘దేర్’ స్థలాన్ని సూచించదు. కర్త ఉండాల్సిన చోటును ఖాళీగా వదలలేక ఆంగ్లం పెట్టుకున్న మాట అది.

జరుగుతున్న పని: ‘ఈజ్ రైటింగ్’ లాంటి రూపాల ఛాయలు పాత ఆంగ్లంలోనే ఉన్నా, నేటి వాడుకంత విస్తరించింది 17వ శతాబ్దం తర్వాత. నిలకడ స్థితిని తెలిపే నో, బిలాంగ్ లాంటి క్రియలకు ప్రామాణిక ఆంగ్లంలో ఈ రూపం సాధారణంగా చెల్లదు.

కర్మణి: ‘ద లెటర్ ఈజ్ రిటన్’. దీన్ని జరుగుతున్న పనితో కలిపి ‘ద హౌస్ ఈజ్ బీయింగ్ బిల్ట్’ అనడం 18వ శతాబ్దం చివర్లో మొదలైంది. అంతకుముందు ఇల్లు కడుతున్నారనడానికి ‘ద హౌస్ ఈజ్ బిల్డింగ్’ అనేవారు. కొత్త రూపంపై పండితులు విరుచుకుపడ్డారు. అమెరికన్ విమర్శకుడు రిచర్డ్ గ్రాంట్ వైట్ 1870లో వచ్చిన ‘వర్డ్స్ అండ్ దెయిర్ యూసెస్’లో ఈ ప్రయోగాన్ని తీవ్రంగా దుయ్యబట్టాడు. ‘ఈజ్’, ‘బీయింగ్’ రెండూ ఒకే క్రియ అయినప్పుడు పక్కపక్కన పెట్టడం అర్థరహితమన్నది ఆనాటి అభ్యంతరం. వాడేవాళ్లు వినలేదు. నేడు ఎవరైనా ‘ద హౌస్ ఈజ్ బిల్డింగ్’ అని రాస్తేనే తప్పనిపిస్తుంది.

పూర్తయిన పని: ‘కమ్’, ‘గో’ లాంటి గమన క్రియలకు ఒకప్పుడు ‘హ్యాజ్’కి బదులు ‘ఈజ్’ వచ్చేది. ఫ్రెంచి, జర్మన్ భాషల్లో ఇప్పటికీ ఈ పద్ధతి ఉంది. ఆంగ్లంలో ‘హి ఈజ్ గాన్’ ఒక్కటి గట్టిగా నిలిచింది.

ఊహ, విధి: ‘ఇఫ్ ఐ వర్ యు’లో ‘వర్’ బహువచనం కాదు, జరగని విషయాన్ని ఊహించే రూపం. మాట్లాడేటప్పుడు ‘ఇఫ్ ఐ వాజ్’ అనేవారు ఎక్కువవుతున్నారు. ‘ద మినిస్టర్ ఈజ్ టు విజిట్’ అంటే పర్యటన ఖరారైందని. పత్రికల శీర్షికల్లో స్థలం కోసం ‘ఈజ్’ కూడా తీసేసి ‘మినిస్టర్ టు విజిట్’ అని వేస్తారు.

ప్రశ్న, నిషేధాల్లో ఇతర క్రియలకు ‘డూ’ సాయం కావాలి. ‘బీ’కి అక్కర్లేదు: ‘ఆర్ యు?’, ‘ఐ యామ్ నాట్’. ఆజ్ఞలో మాత్రం ఈ క్రియ కూడా ‘డోంట్ బీ’ అంటూ ‘డూ’ని ఆశ్రయిస్తుంది.

సంక్షిప్త రూపాలు

మాటల వేగంలో ఈ క్రియ కుదించుకుపోయి కర్తకు అతుక్కుంటుంది: ఐమ్, హీస్, దేయార్. ‘హీస్’ ఒక్కటే ‘హి ఈజ్’కీ ‘హి హ్యాజ్’కీ సరిపోతుంది. ‘యామ్ నాట్’కి సహజంగా రావలసిన ‘యామంట్’ ఐర్లండ్, స్కాట్లండ్ వాడుకలో ఉన్నా ప్రామాణిక ఆంగ్లంలో చోటు దక్కలేదు. దాని బదులు ‘ఆరంట్ ఐ?’ అంటారు. ‘ఐ ఆర్’ అని ఎవరూ అనరు, ప్రశ్నలో మాత్రం అది మర్యాదస్తుల ప్రయోగం. ‘ఎయింట్’ కథ వేరు. పెద్ద ఇళ్లలో కూడా పలికిన ఆ మాట 19వ శతాబ్దంలో బడిపంతుళ్ల ఆగ్రహానికి గురై మోటు మాటగా ముద్రపడింది. 1961లో వెలువడిన వెబ్‌స్టర్స్ థర్డ్ నిఘంటువు దాన్ని కావలసినంత గట్టిగా ఖండించలేదని అమెరికన్ పత్రికలు గోల చేశాయి.

ప్రాంతీయ, సామాజిక భేదాలు

నైరుతి ఇంగ్లండ్ గ్రామీణ మాండలికాల్లో ‘ఐ బీ’, ‘యు బీ’ అనే పలుకుబడి ఉంది. ఐర్లండ్ ఆంగ్లంలో అలవాటుగా జరిగేదానికి ‘డూ బీ’ వాడతారు.

వీటన్నిటికన్నా లోతుగా అధ్యయనం జరిగింది ఆఫ్రికన్ అమెరికన్ల ఆంగ్లంపై. అందులో ‘షి వర్కింగ్’ అంటే ఇప్పుడు పనిలో ఉందని, ‘షి బీ వర్కింగ్’ అంటే ఎప్పుడూ పని చేస్తుంటుందని. మొదటిదాంట్లో క్రియ లేకపోవడం అజ్ఞానమో నిర్లక్ష్యమో కాదని, ప్రామాణిక ఆంగ్లం ఎక్కడ కుదించగలదో అక్కడే ఈ మాండలికం వదిలేయగలదని విలియం లబోవ్ 1969 నాటి పరిశోధన వ్యాసంలో తేల్చాడు. రెండోదానిపై జానిస్ జాక్సన్ చేసిన ప్రయోగం ప్రసిద్ధం. ‘సెసమి స్ట్రీట్’లోని కుకీ మాన్‌స్టర్ జబ్బుపడి పడుకుంటే, ఎల్మో బిస్కెట్లు తింటున్న బొమ్మను పిల్లలకు చూపి, ‘బీ’ పెట్టి ‘బిస్కెట్లు తినేదెవరు’ అని అడిగారు. తెల్లజాతి పిల్లలు ఎల్మోని చూపారు. ఆఫ్రికన్ అమెరికన్ పిల్లలు ఎక్కువగా కుకీ మాన్‌స్టర్‌ని చూపారు, రోజూ తినేది అదే కాబట్టి. పాత ఆంగ్లం ‘బిత్’తో చెప్పిన తేడా లాంటిదే మరో దారిలో మళ్లీ పుట్టింది.

భారతీయ ఆంగ్లంలో ‘ఐ యామ్ హ్యావింగ్ టూ సన్స్’, ‘ఐ యామ్ నాట్ నోయింగ్’ లాంటి వాక్యాలు వినబడతాయి. ముంబై కవి నిసీమ్ ఎజెకీల్ ‘గుడ్‌బై పార్టీ ఫర్ మిస్ పుష్పా టి.ఎస్.’ అనే కవితను ఈ ధోరణి మీదే నడిపాడు.

తర్కం, తత్త్వశాస్త్రం

‘ఈజ్’ ఒక్కటే అయినా చేసే పనులు వేరు. ‘వేగుచుక్క శుక్రగ్రహం’ అన్నప్పుడు రెండూ ఒకటేనని అర్థం. ‘శుక్రగ్రహం ప్రకాశవంతం’ అన్నప్పుడు గుణాన్ని ఆపాదిస్తున్నాం. ఈ తేడాను జర్మన్ తార్కికుడు గాట్లోబ్ ఫ్రేగె 1892లో స్పష్టం చేశాడు. బెర్ట్రండ్ రస్సెల్ ఇంకో అడుగు ముందుకేసి, ఇంత వేరైన భావాలకు ఒకే మాట వాడటం మానవజాతికే అప్రతిష్ఠ అన్నంత ఘాటుగా 1919లో రాశాడు.

ఆల్ఫ్రెడ్ కోర్జిబ్‌స్కీ ఆలోచనల ప్రభావంతో డేవిడ్ బోర్లండ్ ‘ఇ-ప్రైమ్’ పేరిట, ‘బీ’ రూపాలేవీ లేని ఆంగ్లాన్ని ప్రతిపాదించాడు. దాని గురించిన ఆయన వ్యాసం 1965లో వచ్చింది. ‘ఈ సినిమా చెత్త’ అని తీర్పు చెప్పే బదులు ‘ఈ సినిమా నాకు నచ్చలేదు’ అనక తప్పని స్థితి కల్పించడం దాని ఉద్దేశం. రచనలో కసరత్తుగా పనికొచ్చిందే తప్ప వాడుక భాష కాలేదు. ‘ఈజ్’ న్యాయస్థానం దాకా కూడా వెళ్లింది. అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ 1998 ఆగస్టులో గ్రాండ్ జ్యూరీ ముందు, తన తరఫు ప్రకటన నిజమా అబద్ధమా అన్నది అందులోని ‘ఈజ్’ అర్థాన్ని బట్టి ఉంటుందని వాదించి నవ్వులపాలయ్యాడు. వ్యాకరణపరంగా ఆయన పట్టుకున్నది వర్తమాన కాలాన్ని.

ఇతర పదాల్లో

‘గుడ్‌బై’ అనేది ‘దేవుడు మీకు తోడుండుగాక’ అనే ఆంగ్ల వాక్యం 16వ శతాబ్దంలో కుదించుకుపోగా వచ్చింది. చివరి ‘బై’లో ఉన్నది ‘బీ’యే. ‘మేబీ’, ‘ఆల్బీట్’, ‘వుడ్‌బీ’ల్లో అది బయటికే కనిపిస్తుంది. ‘యెస్’లో రెండో భాగం కూడా ‘అగుగాక’ అనే అర్థమున్న పాత రూపమని నిరుక్తకారులు భావిస్తారు. తెలుగు పెళ్లి సంబంధాల మాటల్లో ‘వుడ్‌బీ’ కాబోయే వధువుకో వరుడికో పర్యాయపదమైపోయింది.

తెలుగుతో పోలిక

రష్యన్, అరబిక్ భాషల్లో వర్తమానంలో అనుసంధాన క్రియ అవసరం లేదు. తెలుగులోనూ అంతే. ‘ఆయన డాక్టరు’, ‘మా ఊరు తెనాలి’ క్రియ లేకుండానే పూర్తి వాక్యాలు. చేకూరి రామారావు 1975లో వెలువరించిన ‘తెలుగు వాక్యం’ ఇలాంటి నిర్మాణాలను ఆధునిక భాషాశాస్త్ర పద్ధతిలో వివరించింది. బడి పుస్తకాల్లో వీటిని క్రియారహిత వాక్యాలంటారు. యామ్, ఈజ్, ఆర్ తెలిపే పురుష భేదాన్ని తెలుగు నామవాచకం చివర చేరుస్తుంది: నేను తెలుగువాణ్ని, నువ్వు తెలుగువాడివి, మేము తెలుగువాళ్లం.

ఉనికిని చెప్పాలంటే మాత్రం ‘ఉండు’ తప్పనిసరి: ‘డాక్టరు గారు ఇంట్లో ఉన్నారు’. నిషేధంలో ఈ తేడా మరింత తేటపడుతుంది. ‘ఆయన డాక్టరు కాదు’, ‘డాక్టరు గారు ఇంట్లో లేరు’ అనే రెండు వాక్యాలకు తెలుగులో రెండు వేరువేరు క్రియలున్నాయి. ఆంగ్లంలో రెండు చోట్లా ‘ఈజ్ నాట్’ ఒక్కటే.